మాంసమూ ప్రోస్టేటూ: నేరం ఎంత, నింద ఎంత

అరవై దాటిన మగమనిషి రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తే, మన ఇళ్లలో మొదట కోత పడేది ఆదివారం మటన్‌కి. "వేడి చేసిందిలే, కొన్నాళ్లు నీచు మానెయ్" అన్న సలహా ఇంట్లోంచీ, పక్కింట్లోంచీ, ఫోన్లలో తిరిగే వీడియోల్లోంచీ కూడబలుక్కున్నట్టు వచ్చేస్తుంది. మానేశాక కొన్ని నెలలు ఎదురుచూస్తారు. ఆ నెలల్లో పరీక్ష ఏదీ జరగదు. మాంసం తింటే ప్రోస్టేట్ గ్రంథి దెబ్బతింటుందా అన్న ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనను ఒకచోట పెట్టి చూడాలనిపించడానికి నాకు ఆ పోయిన నెలలే కారణం.

ముందు ఆ గ్రంథి సంగతి. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. పడుచు వయసులో పెద్ద ఉసిరికాయంత, ఇరవై గ్రాముల బరువు. నలభై దాటాక చాలామందిలో మెల్లగా పెరగడం మొదలెడుతుంది. దానికి వచ్చే జబ్బులు ముఖ్యంగా మూడు: వాపు, పెరుగుదల, క్యాన్సర్. డాక్టర్లు బీపీహెచ్ అని రాసే పెరుగుదల క్యాన్సర్ కాదు, ముదిరి క్యాన్సర్‌గా మారదు కూడా. అయితే రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మాత్రం మూడింటినీ కలిపి "ప్రోస్టేట్ వచ్చింది" అనేస్తాం. చిక్కు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే మాంసం మీద వచ్చిన పరిశోధన చాలావరకు క్యాన్సర్ గురించే. మన పెద్దవాళ్లని రాత్రిళ్లు లేపేది ఎక్కువగా పెరుగుదల.

మాంసం మీద అనుమానం దేశాల పోలికల నుంచి పుట్టింది. అమెరికా, ఉత్తర ఐరోపాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ చాలా ఎక్కువ. జపాన్‌లో అప్పట్లో చాలా తక్కువ. హవాయికీ కాలిఫోర్నియాకీ వలస వెళ్లిన జపనీయుల్లో మాత్రం పెరిగింది. అంటే రక్తం ఒక్కటే కారణం కాదు, బతుకు మారితే జబ్బు మారుతోంది. 1977లో ఏడు ప్రాంతాల శవపరీక్షలను పోల్చిన ఒక అధ్యయనం ఇంకో ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. ఎవరికీ తెలియకుండా గ్రంథిలో నిద్రపోతున్న చిన్నచిన్న క్యాన్సర్లు అన్ని ప్రాంతాల్లోనూ దాదాపు సమానంగానే కనిపించాయి. తేడా వచ్చింది పెద్ద గడ్డల్లో. కాబట్టి తిండి ప్రభావం ఏదైనా ఉంటే, అది క్యాన్సర్‌ని పుట్టించడంలో కంటే పుట్టినదాన్ని పెంచడంలో ఉండవచ్చని పరిశోధకులు ఊహించారు.

ఆ ఊహకు 1993లో గట్టి మద్దతు దొరికింది. అమెరికాలో 1986లో దంతవైద్యులు, ఫార్మసిస్టులు, పశువైద్యుల వంటి యాభై ఒక్క వేల మంది మగవాళ్లతో మొదలైన అధ్యయనం నుంచి ఎడ్వర్డ్ జియోవనూచ్చి బృందం ప్రకటించిన ఫలితం అది. బీఫ్, పోర్క్, మటన్‌ల వంటి ఎర్రమాంసం అందరికంటే ఎక్కువ తినేవాళ్లలో ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్, తక్కువ తినేవాళ్లతో పోలిస్తే రెండున్నర రెట్లకు పైగా కనిపించింది. మాంసమే దోషి అన్న మాట జనంలోకి వెళ్లింది అప్పటి నుంచే.

తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు ఆ అంకెను అక్కడ నిలవనివ్వలేదు. 2008లో ఐరోపా దేశాల నుంచి 1,42,251 మంది మగవాళ్లను పరిశీలించిన ఎపిక్ అధ్యయనంలో మాంసానికీ ప్రోస్టేట్ క్యాన్సర్‌కీ సంబంధమే కనిపించలేదు. 2009లో అమెరికాలో 1,75,343 మంది మీద వచ్చిన ఫలితంలో సంబంధం కనిపించింది గానీ చిన్నది: ఎర్రమాంసం బాగా తినేవాళ్లలో మొత్తం ప్రోస్టేట్ క్యాన్సర్ 12 శాతం, ముదిరిన క్యాన్సర్ 31 శాతం ఎక్కువ. చివరికి 2016లో పదిహేను దీర్ఘకాల అధ్యయనాల సమాచారాన్ని ఒకే కుప్పగా పోసి లెక్కించారు. 8,42,149 మంది మగవాళ్లు, 52,683 క్యాన్సర్లు. ఎర్రమాంసానికి గానీ, సాసేజీల వంటి నిల్వమాంసానికి గానీ చెప్పుకోదగ్గ సంబంధం తేలలేదు. ఉత్తర అమెరికా అధ్యయనాల్లో మాత్రం ఎర్రమాంసానికీ ముదిరిన క్యాన్సర్‌కీ స్వల్ప సంబంధం మిగిలింది. కోడిమాంసం తినేవాళ్లలో ముదిరిన క్యాన్సర్ కాస్త తక్కువగానే ఉంది. గుడ్లు ఎక్కువ తినేవాళ్లలో ముదిరిన, ప్రాణాంతకమైన క్యాన్సర్లు 14 శాతం ఎక్కువ.

మరి 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మాంసం క్యాన్సర్ కారకమని ప్రకటించింది కదా అని అడుగుతారు. ప్రకటించింది. పది దేశాల నుంచి వచ్చిన 22 మంది నిపుణులు ఎనిమిది వందలకు పైగా అధ్యయనాలు చూసి, నిల్వమాంసాన్ని 'ఖాయంగా కారకం' అనే మొదటి వర్గంలోనూ, ఎర్రమాంసాన్ని 'బహుశా కారకం' అనే వర్గంలోనూ పెట్టారు. ఆ తీర్పు ప్రధానంగా పెద్దపేగు క్యాన్సర్ మీద ఇచ్చింది. ప్రోస్టేట్ విషయంలో ఎర్రమాంసంతో సంబంధం కొన్ని అధ్యయనాల్లో కనిపించిందని మాత్రమే రాశారు. ఆ వర్గాలు మనకు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్న సంగతి. ప్రమాదం ఎంత పెద్దదన్నది వేరే లెక్క. పొగాకూ నిల్వమాంసమూ ఒకే వర్గంలో ఉన్నాయి కాబట్టి రెండూ సమానమని చెప్పే వీడియోలు ఆ తేడాని మింగేస్తాయి.

12 శాతం, 14 శాతం వంటి చిన్న అంకెల్ని నేను తేలిగ్గా నమ్మను. ప్రోస్టేట్ విషయంలో అసలే నమ్మను. ప్రోస్టేట్ నుంచి వచ్చే ఒక ప్రొటీన్‌ని కొలిచే పీఎస్‌ఏ రక్తపరీక్ష వచ్చాక అమెరికాలో 1980ల చివరి నుంచి 1992 దాకా ఈ క్యాన్సర్ లెక్కలు ఒక్కసారిగా ఎగబాకాయి. జబ్బు అంత పెరగలేదు, వెతకడం పెరిగింది. ఎవరు ఎక్కువగా పరీక్ష చేయించుకుంటారో వాళ్లలోనే ఎక్కువ క్యాన్సర్లు 'కనిపిస్తాయి'. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాడు మాంసం తగ్గిస్తాడు, సిగరెట్ ముట్టడు, నడుస్తాడు, పరీక్షలకూ వెళతాడు. వీటిలో ఏ పని ఫలితాన్ని ఏది మింగిందో ఎంత లెక్కకట్టినా పూర్తిగా విడదీయలేం. అందుకే ముదిరిన క్యాన్సర్, మరణాల లెక్కలకే విలువ ఎక్కువ.

పరిశీలనలో కనిపించింది ప్రయోగంలో తలకిందులైన ఉదాహరణ కూడా ఈ జబ్బులోనే ఉంది. విటమిన్ ఈ, సెలీనియం ప్రోస్టేట్‌ని కాపాడతాయని చాలా ఆధారాలు కనిపించాయి. 2001లో 35,533 మందితో సెలెక్ట్ అనే ప్రయోగం మొదలుపెట్టారు. 2011 నాటికి తేలిందేమిటంటే, విటమిన్ ఈ మాత్రలు వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. మెడికల్ షాపులో 'ప్రోస్టేట్ హెల్త్' అని రాసిన డబ్బా కొనేముందు ఈ కథ గుర్తుండాలి.

ఏ మాంసం అన్న ప్రశ్న కంటే ఎలా వండిన మాంసం అన్న ప్రశ్న నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. ఇందులో ప్రయోగశాల సాక్ష్యం ఉంది, మన వంటింటికి నేరుగా సంబంధించిన సంగతులూ ఉన్నాయి. 1970ల చివర టోక్యోలో తకాషి సుగిమురా అనే శాస్త్రవేత్త కాల్చిన చేప మీద మాడిన భాగాన్ని పరీక్షించి, అది సూక్ష్మజీవుల జన్యువుల్ని మారుస్తోందని చూపించాడు. మాంసంలో ఉండే క్రియాటిన్, అమైనో ఆమ్లాలు, చక్కెరలు ఎక్కువ వేడి దగ్గర కలిసి కొత్త రసాయనాలుగా మారతాయి. వాటిలో ఎక్కువగా దొరికేది పీహెచ్‌ఐపీ. 1997లో జపాన్ పరిశోధకులు దాన్ని తిండిలో కలిపి పెట్టినప్పుడు ఎలుకల ప్రోస్టేట్‌లో క్యాన్సర్లు వచ్చాయి. ఎలుకలకు పెట్టిన మోతాదు మనుషులు తినేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక నిప్పుల మీద కొవ్వు కరిగి పడినప్పుడు లేచే పొగలో బెంజోపైరీన్ వంటివి ఉంటాయి, అవి ముక్కకు అంటుకుంటాయి.

మనుషుల మీద సాక్ష్యం ఇంత సూటిగా లేదు. 2005లో ఒక అమెరికన్ అధ్యయనం బాగా మాడ్చిన మాంసం రోజుకు పది గ్రాములు దాటి తినేవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 1.4 రెట్లు ఉందన్నది. అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో వ్యవసాయంలో పనిచేసే 23 వేల మంది మగవాళ్లను చూసిన 2008 నాటి అధ్యయనం కూడా బాగా కాల్చిన మాంసం దగ్గరే సంబంధాన్ని చూసింది, మాంసం మొత్తం దగ్గర చూడలేదు. ఒక మెలిక ఉంది. గ్రిల్ చేసిన కోడి రొమ్ములో పీహెచ్‌ఐపీ చాలా ఎక్కువగా పుడుతుంది. అదే అసలు దోషి అయితే కోడి తినేవాళ్లలో క్యాన్సర్ పెరగాలి. పదిహేను అధ్యయనాల కుప్పలో అందుకు విరుద్ధంగా తేలింది. కాబట్టి మాడిన ముక్క మీద కేసు నిలిచే ఉంది గానీ, రుజువైందని నేను అనను.

ఆ కేసు నిలిచి ఉండగానే మన వంటల్ని ఒకసారి చూసుకోవచ్చు. పులుసులో, ఇగురులో నీళ్లున్నంతసేపూ వేడి మరుగు స్థాయి దాటదు. పీహెచ్‌ఐపీ లాంటివి బాగా పుట్టాలంటే 150 డిగ్రీలు దాటాలి. హలీంలో మాంసం గంటల తరబడి ఉడికి మెత్తబడుతుంది, మాడదు. మారేడుమిల్లి, అరకు దారుల్లో అమ్మే బొంగులో చికెన్‌ని చూడండి. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద పెడతారు. పైన వెదురు నల్లగా కాలిపోతుంది. లోపల ముక్క తన తడిలోనే, వెదురు ఊరించిన తడిలోనే ఉడుకుతుంది. మంట మాంసాన్ని తాకదు, కొవ్వు బొగ్గుల మీద కారదు. నిప్పుల మీద వండినదంతా ఒకటే కాదని ఈ గొట్టం చూపిస్తుంది.

ఇనప సీకుకి గుచ్చి బొగ్గుల మీద తిప్పే కబాబ్, రాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్త్, తందూరీ కోడి కాలి చివర నల్లబడిన అంచు, నీళ్లు ఇంకిపోయాక అడుగంటేదాకా తిప్పిన వేపుడు, ఇవి రెండో పక్షం. తలకాయా కాళ్లూ వెంట్రుకలు పోయేలా మంట మీద కాల్చినప్పుడు పైన పట్టే మసిని కత్తితో గీకి బాగా కడగడం మన ఇళ్లలో పాత అలవాటు. అది రుచి కోసం చేసినా, ఒంటికీ మంచిదే. పుల్లటి మారినేడ్‌లో నానబెట్టిన కోడిలో పీహెచ్‌ఐపీ బాగా తగ్గుతుందని అమెరికాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాల వాళ్లు 1997లో చూపించారు. మన పెరుగూ నిమ్మరసమూ అల్లంవెల్లుల్లీ అచ్చంగా అదే మారినేడ్ అని చెప్పలేను గానీ, దారి అదే. కాల్చేముందు ముక్కని కాస్త ఉడికించి ఆ నీరు తీసేయడం, మాటిమాటికీ తిప్పడం, నల్లబడిన అంచు కోసి పక్కన పెట్టడం, ఇవి మూడూ ఖర్చులేని పనులు.

ఎంత తింటున్నామన్న లెక్క మన దగ్గర ఎవరూ వెయ్యరు, వేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. ఐదుగురున్న ఇంట్లో ఆదివారం కిలో మటన్ తెస్తే తలకు 200 గ్రాములు. ఎముక పోగా నూటయాభై, ఉడికాక సుమారు వంద. వారమంతటికీ పంచితే రోజుకు పద్నాలుగు, పదిహేను గ్రాములు. అమెరికా అధ్యయనాల్లో 'ఎక్కువ తినేవాళ్లు' అన్న గుంపులో మగవాళ్లు రోజుకు వంద గ్రాములు దాటి తినేవాళ్లు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి, ముఖ్యంగా పేగు క్యాన్సర్‌ని దృష్టిలో పెట్టుకుని, వండిన ఎర్రమాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటొద్దంటుంది. ఆదివారం మటన్ ఆ గీతకు చాలా కింద ఉంది. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతం మాంసాహారులే, కానీ తినే పరిమాణం ఇంటింటికీ మారుతుంది. వారంలో నాలుగు రాత్రులు బిర్యానీ పార్సిల్ తెప్పించుకునే ముప్పై ఏళ్ల ఉద్యోగి లెక్కా, పల్లెలో పండక్కీ ఆదివారానికీ తినే రైతు లెక్కా ఒకటి కావు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, పొద్దున బేకన్, వారాంతం బార్బెక్యూ అలవాటైన మనవాళ్ల పళ్లెం ఆ అమెరికా అధ్యయనాల పళ్లేనికి చాలా దగ్గర.

ఇక్కడే ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మన దేశంలో మాంసం గురించిన ప్రతి చర్చలోకీ కులమూ, శుద్ధీ, మైలా దూరుతాయి. బీఫ్ తినేవాళ్ల తిండి మీద 'సైన్సు' పేరుతో పడే నిందకు ఈ అధ్యయనాలు ఆధారం కావు. ఒకరి కంచంలోని ఎర్రమాంసం మరొకరి కంచంలోని ఎర్రమాంసం కంటే ప్రోస్టేట్‌కి ఎక్కువ చేటని ఈ లెక్కల్లో ఎక్కడా తేలలేదు.

పెరుగుదల సంగతి కొంచెం వేరు. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ నివారణ ప్రయోగంలో మందు లేని ఉత్త మాత్ర వేసుకున్న 4,770 మందిని ఏడేళ్లు గమనించి, 2008లో ఫలితం చెప్పారు. రోజూ ఎర్రమాంసం తినేవాళ్లలో బీపీహెచ్ లక్షణాలు 38 శాతం ఎక్కువ. రోజుకు నాలుగు లేదా అంతకంటే ఎక్కువ సార్లు కూరగాయలు తినేవాళ్లలో 32 శాతం తక్కువ. ఇది వారానికొకసారి తినేవాడి మాట కాదు, రోజూ తినేవాడి మాట. కొవ్వు ఎక్కువ తిన్నవాళ్లలోనూ పెరిగింది, అందుకే అది మాంసం తప్పో, మొత్తం తిండి తీరు తప్పో విడదీయడం కష్టం. పొట్ట పెరగడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, మధుమేహం, ఒళ్లు కదలకపోవడం బీపీహెచ్‌తో ముడిపడి ఉన్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో కూడా ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2014లో 'దాదాపు ఖాయం' అన్న స్థాయిలో నిలబెట్టిన కారణాల్లో ఒళ్లు బరువు ఉంది, మాంసం లేదు. మటన్ మానేసి మూడుపూటలా తెల్లన్నం రెండింతలు పెట్టుకునే మనిషి తన గ్రంథికి మేలు చేసుకుంటున్నాడని నేను అనుకోను.

పాల సంగతి చెబితే శాకాహారులు నొచ్చుకుంటారు, అయినా చెప్పాలి. మాంసంతో సంబంధం చూపని ఎపిక్ అధ్యయనమే పాల ప్రొటీన్‌తో, పాల నుంచి వచ్చే కాల్షియంతో సంబంధం చూపింది. అమెరికాలో అడ్వెంటిస్టు క్రైస్తవ సంఘానికి చెందిన మగవాళ్లలో పాలు, గుడ్లు కూడా మానేసిన పూర్తి శాకాహారుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ 35 శాతం తక్కువ. పాలూ గుడ్లూ తీసుకునే శాకాహారుల్లో మాంసాహారులతో పోలిస్తే తేడా లేదు. అదే సంఘంలో 2022లో వచ్చిన ఫలితం ప్రకారం రోజుకు 430 గ్రాముల పాలు, పాల పదార్థాలు తీసుకునేవాళ్లలో, 20 గ్రాములు తీసుకునేవాళ్లకంటే ప్రోస్టేట్ క్యాన్సర్ 27 శాతం ఎక్కువ. పాలు రక్తంలో ఐజీఎఫ్-1 అనే, పెరుగుదలకు తోడ్పడే హార్మోన్‌ని కాస్త పెంచుతాయి, అది ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ క్యాన్సర్ కొంచెం ఎక్కువ. మరోవైపు 2022లోనే బ్రిటన్‌లో నాలుగు లక్షల డెబ్బై రెండు వేల మందిని చూసిన అధ్యయనంలో శాకాహారి మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 31 శాతం తక్కువగా కనిపించింది. ఇతర అలవాట్ల ప్రభావం కొంత కలిసి ఉండవచ్చని ఆ పరిశోధకులే రాశారు. పాల మీది సాక్ష్యం కూడా మాంసం సాక్ష్యంలాగే మెత్తనిది. పెరుగన్నం మానమని చెప్పడానికి అది చాలదు. ఇలాంటి బలహీనమైన సాక్ష్యంతోనే ముక్కని వెలివేసిన మనం, పాల దగ్గర మౌనంగా ఉండటం మాత్రం న్యాయం కాదు.

జబ్బు బయటపడ్డాక ఏం తినాలన్నది ఇంకో ప్రశ్న, బాధతో అడిగే ప్రశ్న. 2005లో అమెరికన్ వైద్యుడు డీన్ ఆర్నిష్ బృందం తక్షణ చికిత్స వద్దనుకున్న 93 మందిని తీసుకుని, సగం మందికి పాలూ మాంసమూ లేని తిండి, నడక, ధ్యానం పెట్టింది. ఏడాదికి వాళ్ల పీఎస్‌ఏ 4 శాతం తగ్గింది, మిగతావాళ్లకు 6 శాతం పెరిగింది. ఆశ పుట్టించిన ఫలితమే. కానీ 2020లో వచ్చిన మీల్ ప్రయోగంలో 478 మందిని రెండేళ్లు గమనిస్తే, కూరగాయలు బాగా పెంచినా క్యాన్సర్ ముదరడం ఆగలేదు. ఒక్క తిండితో ఈ క్యాన్సర్‌ని కట్టేయవచ్చని చెప్పేవాళ్ల దగ్గర దీనికి జవాబు లేదు. జబ్బు వచ్చిన 1,294 మందిని చూసిన 2010 నాటి అధ్యయనంలో ఎర్రమాంసానికి, చేపకు, తోలు తీసిన కోడికి జబ్బు తిరగబెట్టడంతో సంబంధం లేదు. తోలుతో తిన్న కోడికీ గుడ్లకూ ఉన్నట్టు కనిపించింది.

ప్రపంచంలో 2020లో 14 లక్షలున్న కొత్త ప్రోస్టేట్ క్యాన్సర్ కేసులు 2040 నాటికి 29 లక్షలు కావచ్చని లాన్సెట్ కమిషన్ 2024లో అంచనా వేసింది. ముఖ్య కారణం మనుషులు ఎక్కువకాలం బతకడం. మన దగ్గరా అదే జరుగుతోంది. తొలిదశలో ఈ క్యాన్సర్ సాధారణంగా ఏ లక్షణమూ చూపదు. మూత్రధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, రాత్రిళ్లు లేవాల్సి రావడం ఎక్కువగా పెరుగుదల వల్ల వస్తాయి. మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, నడుము ఎముకల్లో తగ్గని నొప్పి ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. తండ్రికో అన్నకో ఈ క్యాన్సర్ ఉంటే యాభైకి ముందే డాక్టరుతో పీఎస్‌ఏ గురించి మాట్లాడాలి.

ఇళ్లలో నన్ను ఎక్కువ కలతపెట్టేది హార్మోన్ చికిత్స జరుగుతున్న పెద్దాయన కంచం. ఆ చికిత్స టెస్టోస్టిరాన్‌ని అణిచేస్తుంది. దానితో కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. సరిగ్గా అప్పుడే ఇంటివాళ్లు ప్రేమకొద్దీ గుడ్డూ చేపా కోడీ ఆపేసి రాగి జావ, చారన్నం పెడతారు. వయసుపైబడినవాళ్లకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు పైగా ప్రొటీన్ కావాలంటారు నిపుణులు. అరవై కిలోల మనిషికి అరవై, డెబ్బై గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల కోడిలో ఇరవై దాకా ఉంటాయి. పప్పులతో, సోయాతో కూడా సమకూర్చుకోవచ్చు, కానీ లెక్కవేసి పెట్టాలి, చారన్నంతో కుదరదు. మూత్రం అడ్డుపడి కిడ్నీలు దెబ్బతిని ఉంటే ప్రొటీన్ తగ్గించాల్సి రావచ్చు, అది డాక్టరు చెప్పాల్సిన మాట. బరువు, నడుం కొలత, క్రియాటినిన్, మూడు నెలల షుగరు, ఎముకల సాంద్రత: తిండి మార్చేముందు చూడాల్సిన అంకెలు ఇవి. అవి చేతిలో ఉంటే, మటన్ వారానికి ఒకసారా, పదిహేను రోజులకొకసారా అన్నది డాక్టరూ ఆ పెద్దాయనా కూర్చుని రెండు నిమిషాల్లో తేల్చుకోగలరు.